సౌనాలో ట్రక్కు తలుపు

డియర్‌బోర్న్,
సెప్టెంబరు 12, 2016

మహారాజశ్రీ తాతయ్య ఆర్వో నియెమి గారి దివ్యసముఖానికి,

మనవడు వెస్లీ నియెమి సాష్టాంగపడి సమర్పించుకునే క్షమాపణ పత్రం. చదివే ముందు తమరు కూర్చోవాలి. కూర్చునే ఉంటే ఒకసారి లేచి మళ్ళీ కూర్చోవాలి. విషయం అంతటిది.

ముందుగా, పుట్టినందుకు క్షమించండి. మన వంశంలో ముత్తాత నెగానీ గనిలో ఇనుము తవ్వాడు. ఆ ఇనుము రేకై, ట్రక్కై, సొట్టపడి తమరి టింకరింగ్ షెడ్డుకి వస్తే తమరు సాపు చేసి పంపారు. నేనేమో సాహిత్యం చదివి, బండి కొన్నవాళ్ళు డాష్‌బోర్డు అరలో పడేసి జన్మలో తెరవని పుస్తకాలు రాస్తున్నాను. చదివినందుకు క్షమించండి. పెద్ద వంతెన దాటి దక్షిణానికి వచ్చి కాపురం పెట్టినందుకు క్షమించండి. వంతెనకి దక్షిణాన ఉండేవాళ్ళంతా వంతెన కింది దయ్యాలేనని తమరు ప్రతి క్రిస్మస్‌కీ గుర్తు చేస్తూనే ఉన్నారు.

ఇక అసలు పాపం. నేను కొత్త ట్రక్కు కొన్నాను. మా కంపెనీదే. ఒళ్ళంతా అల్యూమినియం. తలుపులు, పైకప్పు, వెనక తొట్టి, అన్నీ. అడుగున చట్రం మాత్రం స్టీలే. అది చెప్పుకుని ఊరట పొందుతున్నాను. సెలవులకి వచ్చినప్పుడు దాన్ని మన ఇంటి ముందు నిలిపే ధైర్యం లేక, తమరి స్నేహితుడు క్లారెన్స్ షెడ్డులో దాచి, అక్కణ్ణుంచి నడిచి వచ్చాను. బండి పాడైపోయి బస్సులో వచ్చానని చెప్పాను. బస్సుని కూడా క్షమించండి.

పాపం ఊరికే పోదు కదా. తిరుగుదారిలో సీనీ దగ్గర జింక గుద్దింది. కుడి తలుపు సొట్టపోయింది. ఇక్కడి షాపువాడు తలుపు పీకి పారేసి కొత్తది పెడతానంటున్నాడు. సొట్ట తీయడం రాక తలుపు మార్చేవాణ్ణి ఏమనాలో తమరు ఒకసారి సెలవిచ్చారు. ఆ మాట ఉత్తరంలో రాస్తే పోస్టువాళ్ళు ఒప్పుకోరు.

తమరు ఒకసారి చూస్తే ఈ దీనుడు తరిస్తాడు.

ఇట్లు,
వంశానికి పట్టిన తుప్పు,
వెస్


నెగానీ,
సెప్టెంబరు 17

ఒరేయ్ వెస్,

"తమరు" అని చదివి ఎవరో పోయారనుకున్నాను. ఇంకెప్పుడూ అలా రాయకు.

బీరు డబ్బా కొన్నావన్న మాట. పోనీ. నీ సొమ్ము. క్లారెన్స్ షెడ్డులో ఏదో దాచావని నాకప్పుడే తెలుసు. వాడి మొహం చూస్తే తెలిసిపోతుంది. వాడికి పేకాటే చేతకాదు, ఇక రహస్యాలా?

జింక అన్నావు. జింక బండికి ఎదురుగా వస్తుంది. నీ జింక రోడ్డు పక్కన ఆగి, ఆలోచించి, నువ్వు దాటేదాకా ఓపిక పట్టి, తలుపు మధ్యలో గుద్దిందా?

నా షెడ్డు మూసి ఉందని నీకు తెలుసు. ఏప్రిల్‌లో క్లారెన్స్ ఇలాంటి డబ్బానే తెచ్చి తలుపు బాగు చెయ్యమన్నాడు. డబ్బాలు నేను చెయ్యను, పక్క ఊళ్ళో పెద్ద షాపుకి పట్టుకుపో అన్నాను. వాడు పోయాడు. ఆ వేళే షెడ్డు బోర్డు తిప్పేశాను. ఇనుము పని చేశాను, ఇనుము పోతోంది, నేనూ మానేశాను. ఇందులో ఏడవాల్సిందేమీ లేదు.

బండి తీసుకురా, చూస్తాను. చూడటం వేరు, చెయ్యడం వేరు.

వస్తే శనివారం ఉండు. పొయ్యి రాజేసి సౌనా వేస్తాను, ఆవిరి పట్టుకుందాం. క్లారెన్స్ ఎలాగూ వస్తాడు. ఆ వేడిలో కూర్చుని జింక కథ మళ్ళీ చెప్పు. సౌనాలో అబద్ధమాడకూడదని మీ నాయనమ్మ నీకు నేర్పింది. అక్కడ చెప్పింది నమ్ముతాను.

ఆర్వో


డియర్‌బోర్న్,
సెప్టెంబరు 26

తాతయ్యా,

శుక్రవారం వచ్చి, బండ్ల తాళాలు మార్చుకుని, శనివారం దాకా ఆగకుండా నీ పాత బండేసుకుని పారిపోయి వచ్చినందుకు కోపగించుకోకు. వైపర్ల అధ్యాయం సోమవారానికి అప్పజెప్పాలి. వైపర్లు ఎలా వేసుకోవాలో తెలియక దేశం అల్లాడిపోతోంది.

నీ స్టీలు బండి క్షేమంగా చేరింది. పూర్తిగా కాదు, కొంత దారిలో రాలింది. నా కాళ్ళ దగ్గర నేల ఉండాల్సిన చోట రోడ్డు కనబడుతోంది. లోర్నా అత్త కట్టిచ్చిన మాంసం కూరిన పాస్టీ తింటుంటే చెయ్యి జారింది. అది ఆ కంతలోంచి పడి, హైవే మీద నా వెనకే కాసేపు వచ్చి, ఆగిపోయింది. ఆఫీసు ముందు బండి ఆపితే కాపలా ఆయన వచ్చి చుట్టూ తిరిగి, "బాబూ, ఇది వాహనమా, ప్రమాదమా?" అన్నాడు. "వారసత్వం" అన్నాను.

చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఇన్నేళ్ళుగా దాన్ని కూర్చుని తిన్నది. నా డబ్బాని ఉప్పు అలా తినలేదు. ఈ ఒక్క మాట నీ చెవిన వేస్తున్నాను, తర్వాత నీ ఇష్టం.

ఇంకో సంగతి. పుట్టీ పూసి మోసం చేసినవాళ్ళని పట్టుకోడానికి జేబులో పెట్టుకు తిరిగే ఆ అయస్కాంతాన్ని నా తలుపు మీద పెట్టావు. జారి పడింది. వంగి తీసుకుని మళ్ళీ పెట్టావు. నేను చూడలేదనుకున్నావు. ఎన్నిసార్లు పెట్టినా అది ఇనుము కాదు తాతయ్యా.

మా మరమ్మతుల పుస్తకం చదివాను. అది నేను రాసింది కాదు, తెలిసినవాళ్ళు రాశారు, కాబట్టి నమ్మొచ్చు. స్టీలుకి తగిలిన సుత్తి, ఆకురాయి, బ్రష్షు, ఏదీ అల్యూమినియానికి తగలకూడదట. స్టీలు పొడి ఓ నలుసు రంగు కింద ఉండిపోయినా కొన్నాళ్ళకి బొబ్బలు లేస్తాయట. పని వేరే గదిలో జరగాలి. కొట్టే ముందు రేకుని వెచ్చబెట్టాలి. వేడి ఎక్కువైతే స్టీలులాగా ఎర్రబడి ముందే చెప్పదు, ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. నీ షెడ్డులోనా, కాఫీ కప్పులో కూడా స్టీలు పొడే. అంచేత నీవల్ల కాదని నా అభిప్రాయం. నొచ్చుకోకు. అందరివల్లా అన్నీ కావు.

నేల లేని బండిలో నడుస్తూ,
వెస్


నెగానీ,
అక్టోబరు 8

ఒరేయ్ వెస్,

"నీవల్ల కాదు" అని రాసిన కాగితాన్ని షెడ్డు గోడకి మేకు కొట్టి పెట్టాను.

పొడి సంగతి నిజమే. షెడ్డు మూలమూలా ఇనుమే. ఇనుము పని ఎప్పుడూ చెయ్యని గది ఈ ఇంటికి ఒకటే ఉంది. తలుపు విప్పి సౌనాలోకి పట్టుకెళ్ళి పైబల్ల మీద పడుకోబెట్టాను. వెచ్చబెట్టాలన్నావుగా, పొయ్యి రాజేశాను. రాళ్ళ మీద నీళ్ళు మాత్రం పొయ్యలేదు. మీ లోర్నా అత్త వచ్చి చూసి, "నాన్నా, పిచ్చెక్కిందా? అమ్మే ఉంటే ఏమనేది?" అంది. "మీ అమ్మ అయితే ఆ తలుపుకి కూడా ఓ తువ్వాలు ఇచ్చేది" అన్నాను. అది నవ్వి, పోయి కాఫీ పెట్టుకొచ్చింది.

బర్చి చెట్టు మొద్దుతో చెక్క సుత్తి చేసుకున్నాను. ముందు లోర్నా ఇంటి చూరుకి వాననీళ్ళు పోయే పాత అల్యూమినియం తొట్టి ముక్కలు తెచ్చి వాటి మీద కొట్టి చూశాను. మొదటిది చిరిగిపోయింది. రెండోదీ చిరిగింది. తర్వాత చెయ్యి తేలికైంది.

స్టీలుకి జ్ఞాపకం ఉంటుందిరా. కాస్త దారి చూపిస్తే పాత రూపానికి అదే పోతుంది. ఇది పోదు. ఎక్కడ వదిలితే అక్కడే కూర్చుంటుంది. అంగుళం అంగుళం మనమే బుజ్జగించాలి. చిన్నప్పుడు నీచేత లెక్కలు చేయించినట్టుంది. అయినా, చెప్తే వింటుంది. నీకన్నా నయం.

ఇక జింక సంగతి. సొట్టలో ఒక్క వెంట్రుక లేదు. నడిమధ్యన గుండ్రటి అచ్చుంది, అంచున చిన్న గంటు. ఆ గంటు నాకు తెలుసు. ఆ సుత్తి నాదే. ఎప్పుడో క్లారెన్స్‌కి ఇచ్చాను, వాడు ట్రాక్టరు పిన్ను మీద కొట్టి అంచు చెడగొట్టాడు. నీ బండి వాడి షెడ్డులో ఉంది. ఏప్రిల్‌లో వాడి డబ్బాని నేను వెనక్కి పంపాను. డబ్బాలు చెయ్యనన్నావుగా, నీ మనవడి డబ్బా ఎలా చెయ్యవో చూస్తా అనుకుని ఉంటాడు.

నువ్వు మంచివాడివి కాబట్టి ఆ ముసలాణ్ణి కాపాడ్డానికి జింకని పుట్టించావు. అక్కర్లేదు. నేను తేల్చుకుంటాను.

ఆర్వో

ఈ శనివారం సౌనా లేదు, తలుపుంది. వచ్చే శనివారం రా.


డియర్‌బోర్న్,
అక్టోబరు 14

తాతయ్యా,

అయ్యో, క్లారెన్స్ కాదు. ఆగు. ఇంకా ఏమీ అనలేదుగా?

నా తరఫు వాదన విను. ఒకటి, జింకలు ఈ మధ్య బాగా తెలివిమీరాయి. సుత్తి పట్టిన జింకని నేను చూడలేదు గానీ, లేదని నిరూపించడం కష్టం. సరే, అది వద్దు. వడగళ్ళు? ఒకే ఒక్క వడగల్లు, పక్క నుంచి? అదీ వద్దు. కూరగాయల బజారు దగ్గర ఎవరి తోపుడు బండో తగిలి ఉంటుంది. దాని చక్రానికి గంటుంది. నాకు బాగా గుర్తు.

అసలు క్లారెన్స్‌కి ఆ బండి మీద పగేమీ లేదు. దాన్ని చూసి నవ్వాడంతే. పైగా అది జరిగినప్పుడు ఆయన ఇంట్లోనే లేడు, చర్చిలో కాఫీ తాగుతున్నాడు. క్లారెన్స్ చీమని చూసి బండి ఆపే మనిషి. ఆపి, దిగి, అది దాటేదాకా దానితో వాతావరణం గురించి మాట్లాడే మనిషి. ఆయన్నేమీ అడగకు. దయచేసి.

ఈ శనివారం రాలేను. టైర్ల అధ్యాయం.

నీ బండి ఎడమ అద్దం ఊడింది. దాచి ఉంచాను. ఆత్మ వెళ్ళిపోయినా అస్థికలు భద్రం.

వెస్


నెగానీ,
అక్టోబరు 29

వెస్,

నీ ఉత్తరం అందేసరికే అడగడం అయిపోయింది. అందాక ఇంకా రూఢి అయింది. అది తిరుగుదారిలో జరిగిందన్నావు. ఇప్పుడేమో అప్పుడు క్లారెన్స్ చర్చిలో ఉన్నాడంటున్నావు. అంటే వాడి షెడ్డులోనే జరిగిందన్న మాట. పైగా నవ్వాడన్నావు. చాలు.

సౌనాలో పోట్లాడకూడదు కాబట్టి వాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి అడిగాను. "ఒరేయ్ క్లారెన్స్, మా వాడి బండి నువ్వే కొట్టావా?" అన్నాను. వాడు లేదనలేదు. లోపలికి తొంగిచూసి, పైబల్ల మీద తలుపుని చూశాడు. చాలాసేపు చూశాడు. "అయితే నీకు అల్యూమినియం చెయ్యడం వచ్చన్న మాట. మరి నా బండి ఎందుకు పంపేశావురా ఆర్వో?" అన్నాడు. అప్పుడు రాదు, ఇప్పుడు వచ్చు అన్నాను. "నేను అడిగినప్పుడు రాదు, మనవడు అడిగితే వచ్చు" అని, చంకలో తువ్వాలు అలాగే పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా సుత్తి మర్నాడు పోస్టు డబ్బాలో పెట్టి పోయాడు. కొట్టనివాడైతే కొట్టలేదని చెప్పడానికేం?

నీ తలుపు అయిపోయింది. బిగించి, రంగు వేశాను. ఎండలో పక్కనుంచి చూసినా గీత కనబడదు. నేను చేసిన వాటిలో ఇదే మంచిది. ఇనుముతో కూడా ఇంత బాగా కుదరలేదు. ఉత్తరాలు తెచ్చే డార్లా అది చూసి తన డబ్బా తెచ్చింది. తర్వాత బడి బస్సు నడిపే కుర్రాడు తెచ్చాడు. సౌనాలో ఇంక కుదరదని, షెడ్డు వెనక గది కడిగి, సున్నం వేసి, తెర కట్టాను. ఆ గదిలోకి చెక్క సుత్తులూ కొత్త ఆకురాళ్ళూ మాత్రమే పోతాయి. లోపలికి వెళ్ళేటప్పుడు చొక్కా మార్చుకుంటున్నాను. లోర్నా నన్ను డాక్టరంటోంది. బోర్డు మళ్ళీ తిప్పాను.

క్లారెన్స్ డబ్బా ఇంకా అదే సొట్టతో తిరుగుతోంది. షెడ్డు ముందు నుంచే వెళ్తాడు. ఆపడు.

నవంబరు పదిహేనుకి జింకల వేట మొదలవుతుంది కదా. అడవిలో మన వేట గుడిసె గోడ మీద రాసుకున్న పేర్లలోంచి వాడి పేరు తీసేశాను. ఈసారి మనిద్దరమే. నీ బండి తీసుకుపోడానికి అప్పుడే రా.

మొన్న శనివారం సౌనా వేసుకున్నాను. రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఆవిరి బాగానే లేచింది. ఎదుటి బల్ల ఖాళీగా ఉంది. తలుపు ఉన్నప్పుడే నయం, ఎవరో కూర్చున్నట్టు ఉండేది.

ఆర్వో


డియర్‌బోర్న్,
నవంబరు 3

తాతయ్యా,

ఈ ఉత్తరం రెండు కాపీలు రాశాను. ఒకటి నీకు, ఒకటి క్లారెన్స్‌కి. ఆయనది ముందు పోస్టు చేసి వచ్చి నీది పూర్తి చేస్తున్నాను, మళ్ళీ మనసు మారకుండా.

వేటకి పదిహేనున కాదు, ముందు శనివారమే వస్తాను. సౌనా వెయ్యి. ఈ రెండు నెలలూ నేను శనివారాలు తప్పించుకు తిరిగింది వైపర్ల కోసం కాదు, టైర్ల కోసం కాదు. ఆ వేడిలో కూర్చుని నీ మొహం చూస్తూ జింక అనడం నావల్ల కాదు. నాయనమ్మ నేర్పింది అన్నిటికంటే గట్టిగా అతుక్కుపోయింది.

ఆగస్టులో లోర్నా అత్త ఫోను చేసింది. నువ్వు రోజూ పొద్దున్నే షెడ్డుకి వెళ్తావని, లైటు వెయ్యవని, బల్ల మీద కూర్చుని కాఫీ చల్లారేదాకా గోడకున్న పనిముట్లు చూసి ఇంటికి వచ్చేస్తావని చెప్పింది. "ఏమన్నా చెయ్యరా" అంది. నాకు చేతనయ్యేది వాక్యాలు రాయడం. వాక్యం తెచ్చి నీ షెడ్డు ముందు పెడితే నువ్వేం చేస్తావు? సొట్టపడిన బండి తెస్తే చూస్తావు. నీ సంగతి నాకు తెలుసు. చూస్తానంటావు, చెయ్యనంటావు, చేస్తావు.

ఇది చెప్తే జాలిపడ్డాననుకుని నువ్వు బోర్డు మళ్ళీ తిప్పేస్తావని భయం. అందుకే ఇన్నాళ్ళూ జింకని, వడగల్లుని, తోపుడు బండిని పట్టుకు వేలాడాను. చెప్పకపోతే ఆ బల్ల ఖాళీగానే ఉంటుంది. రెండూ తూచి చూశాను. నువ్వు షెడ్డు మూసినా నేను భరిస్తాను. ఆ ఖాళీ బల్లకి ఎదురుగా నువ్వు కూర్చోవడం భరించలేను.

ఒకటి గుర్తుపెట్టుకో. నేను పెట్టింది ఒక్క సొట్టే. సౌనాలోకి తలుపు మోసింది నువ్వు. చెక్క సుత్తి చెక్కింది నువ్వు. వెనక గదికి సున్నం వేసింది నువ్వు. డార్లా బండీ, బస్సు కుర్రాడి బండీ నేను కొట్టలేదు. ఒట్టు. అవి నిజంగానే వాళ్ళంతట వాళ్ళు పాడుచేసుకున్నారు.

గుడిసె గోడ మీద క్లారెన్స్ పేరు మళ్ళీ రాయి. చోటు చాలకపోతే నా పేరు తుడిచి రాయి. ఆయన బండి తలుపు పిలిచి చెయ్యి. ఏప్రిల్‌లో అడిగాడు, వరసలో ముందున్నవాడు ఆయనే.

మొదటి ఉత్తరంలో పుట్టినందుకు, చదివినందుకు, వంతెన దాటినందుకు, అల్యూమినియం కొన్నందుకు నిన్ను క్షమించమన్నాను. వాటిలో ఒక్కదానికీ నేను బాధపడలేదు, నువ్వూ పడలేదు. నిజంగా చేసింది ఒక్కటే. సెప్టెంబరులో ఆ సెలవుల ఆదివారం, క్లారెన్స్ చర్చికి వెళ్ళాక, ఆయన షెడ్డు గోడకి తగిలించిన సుత్తి తీసి, కళ్ళు మూసుకుని, నా కొత్త బండి కుడి తలుపు మీద నేనే కొట్టాను.

వెస్